అరంగుళమా, పావంగుళమా

"ఇవాళ ఖాయం చేసేస్తానోయ్," అన్నాడు ఆయన, ఫోను మీంచి కళ్ళు తీయకుండానే కాఫీ గ్లాసు అందుకుంటూ.

భోజనాల బల్ల నిండా కేటలాగులు పరిచి ఉన్నాయి. ఫోనులో ఎవరో ఒకాయన చెక్క అంచుని గుండ్రంగా చెక్కి చూపిస్తున్నాడు. ఆ యంత్రం రొద వంటింటిదాకా వినిపిస్తోంది. రౌటర్ అంటారట దాన్ని. చెక్కకి అంచులు తీర్చడానికి, గాడులు తీయడానికి వాడే మెషిను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని ఆ మాట, ఈ రెండేళ్ళుగా వినకుండా ఆమెకి ఒక్క పూట గడవలేదు.

ఆయన ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. తయారై వచ్చిన వస్తువుని తిప్పి తిప్పి చూసి లోపం పట్టుకోవడమే ఉద్యోగం. బాగుంది అన్నందుకు కాదు, బాగాలేదు అన్నందుకే ఆయనకి జీతమిచ్చారు. ఇంటికొచ్చాక కింది గదిలో చెక్కపని మొదలుపెడతానంటే, పోనీలే, కాలక్షేపం అనుకుంది ఆమె.

"రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడండీ."

"ఊఁ. ఇది విను. ఈ రకం పైనుంచి చెక్కలోకి కావలసినంత లోతు దిగుతుంది. ఆ రకం దిగదు, కానీ కుదురుగా ఉంటుంది. దిగేదాంట్లో ఊగిసలాట, దిగనిదాంతో మధ్యలో గాడి తీయలేం."

"అమ్మ గురించి."

"ఆఁ, చెప్పు. అసలు తేలనిది మెడ దగ్గర. చెక్కని కోసే బిట్టు ఉంటుందే, దాన్ని పట్టుకునే మెడ పావంగుళం ఉండాలా, అరంగుళం ఉండాలా అని."

"బిట్లు రెండు రకాలూ కొన్నారుగా?"

"అదేగా చిక్కు!"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మెషిను రాకముందే డబ్బా నిండా బిట్లు వచ్చాయి. వాటిని ఆయన వారానికోసారి నూనెగుడ్డతో తుడిచి మళ్ళీ డబ్బాలో పెడతాడు. ఆమె టైలరు. తన కుట్టుమిషను కొన్నరోజు కొట్లో కూర్చుని ఒక లంగా అంచు కుట్టి చూసి, అదే రిక్షాలో ఇంటికి తెచ్చుకుంది. ఆ సంగతి ఎత్తితే, "నీది వేరోయ్, ఇది వేరు," అంటాడు.

తల్లి తమ్ముడింట్లో ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. హాల్లో సోఫా మీదే పడక. అందరూ టీవీ కట్టేసేదాకా ఆవిడకి నిద్ర లేదు, అందరూ లేవకముందే దుప్పటి మడతపెట్టేయాలి. ఈ ఇంట్లో మెట్లెక్కనక్కర్లేని గది కిందిదొక్కటే, పక్కనే బాత్రూము. అమ్మని తెచ్చుకుందామని ఆమె అన్నప్పుడల్లా ఆయన ఒకటే మాట: "ఎందుకు తెచ్చుకోం? ఆ మెషినొకటి వచ్చిందంటే సామాను ఒక దారికొస్తుంది. అప్పుడు చూడు, సగం గది ఖాళీ." మెషిను రాలేదు.

"తమ్ముడు వృద్ధాశ్రమం చూశాడట. పిల్లలకి చదువుకోడానికి చోటు లేదట. ఇవాళ సాయంత్రమే దింపేస్తాడట. ఏమైనా అనేదుంటే ఇవాళే అనమన్నాడు."

ఆయన వీడియో ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇవాళే అంటే ఎలా? కనీసం..."

ఆ మాట పూర్తికాకుండానే వీధి తలుపు తెరుచుకుంది. వచ్చింది కూతురు. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా ఎగురుతుంటే పెట్టిన 'పిట్ట' అనే ముద్దుపేరు, ఆసుపత్రిలో నర్సయ్యాక కూడా పోలేదు. చెప్పులు విప్పకుండానే చెయ్యి చాచింది.

"నాన్నా, కింది గది తాళం ఇలా ఇవ్వు."

"ఎందుకే?"

"మంచం పడుతుందా లేదా కొలవాలి. మామయ్య నాకూ ఫోన్ చేశాడు."

ముగ్గురూ కిందికి దిగారు. గది మధ్యలో పెద్ద చెక్కబల్ల. గోడవారగా ప్లాస్టిక్ విప్పని పలకలు. మేకులకి వేలాడుతున్న రంపాలకి ఇంకా కొట్టువాడి చీటీలే ఉన్నాయి. పిట్ట బల్ల మీద వేలితో గీసి చూసింది. వేలికంటింది మామూలు దుమ్మే. చెక్కపొట్టు ఒక్క రవ్వ లేదు.

"ఇది వర్క్‌షాపా నాన్నా? కొట్టులా ఉంది. సరుకుంది, బేరమే లేదు."

"వెక్కిరించకే. తప్పు మెషిను కొంటే చెక్క పాడవుతుంది. వేలు పోయినా పోతుంది."

"మరి కొనకపోతే ఏం పోలేదా?"

"తొందరపడి ఎంచుకునే అలవాటు నాకు లేదమ్మా."

"అమ్మనెలా ఎంచుకున్నావో మరి?"

"నేనెక్కడ ఎంచుకున్నాను! మా నాన్న ఎంచుకున్నాడు."

ఇంకోరోజైతే ఆమెకి నవ్వొచ్చేది.

"చూడు," అన్నాడు ఆయన భార్యవైపు తిరిగి. "మీ అమ్మని తీసుకురావద్దని నేనెప్పుడైనా అన్నానా? ఒక్కసారి? చెప్పు."

"అనలేదు," అంది ఆమె. "అంటే బాగుండేది. ఏడ్చేదాన్ని, పోట్లాడేదాన్ని, కాళ్ళావేళ్ళా పడేదాన్ని. మీరు వద్దనలేదు. అరంగుళమా పావంగుళమా అన్నారు. దాంతో ఎవరు పోట్లాడతారండీ?"

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. తనిఖీకొచ్చిన వస్తువులో లోపం దొరికినప్పుడు ఎలా చూసేవాడో ఏమో గాని, ఇప్పుడు మాత్రం తన చేతుల్నే చూసుకుంటున్నాడు.

"ఆవిడొస్తే నేనెక్కడ కూచోను?" అన్నాడు చివరికి. "పొద్దస్తమానం నీ కుట్టుమిషను చప్పుడు, నీ దగ్గరికొచ్చే ఆడవాళ్ళు. ఉద్యోగం అయిపోయాక నాకంటూ వేసుకోడానికి ఒక తలుపుందంటే ఇదొక్కటే. మెషిను కొంటే పనిచేయాలి. పని రాదని తేలిపోతే, ఈ గది కూడా నాకెందుకంటారు."

"ఇదే మాట రెండేళ్ళ కిందట అనుంటే సరిపోయేది," అంది పిట్ట. "ఇంకోవైపు గోడ కట్టేవాళ్ళం, వరండా మూసేవాళ్ళం. ఏదో ఒకటి చేసేవాళ్ళం."

"అడుగు, బాగా అడుగు," అంది ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"నిన్ను కూడా అడుగుతానమ్మా. ఈ గదికి రెండు తాళంచేతులున్నాయి. రెండోది నీ దగ్గరే ఉంది. ఎప్పుడైనా తీశావా?"

"నీకేం తెలుసే..."

"అమ్మమ్మొస్తే రాత్రుళ్ళు లేవాలి, కుట్టుపని తగ్గించుకోవాలి, ఊరెళ్ళాలంటే కుదరదు. నేను రోజూ చూసేది అవేగా. 'మీ నాన్న తేల్చట్లేదే' అన్నప్పుడల్లా నీ మొహంలో బాధ కనిపించేది. దాంతోపాటే కొంచెం తెరిపి కూడా. నాన్న మెషిను వెనక దాక్కున్నాడు. నువ్వు నాన్న వెనక దాక్కున్నావు."

"నోర్ముయ్!" అంది ఆమె. ఆ మాటలో పస లేదని అన్నాక ఆమెకే తెలిసింది.

ఆయన గోడ మీంచి స్క్రూడ్రైవరు తీశాడు. బల్లని అప్పట్లో గదిలోనే బిగించాడు, అది గుమ్మంలోంచి పట్టదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మర వదులుచేయడం మొదలుపెట్టాడు. ఆ గదిలో ఆయన చేతిమీదుగా జరిగిన చెక్కపని మొత్తం అదే, కట్టుకున్న బల్లని విప్పుకోవడం. ఆమె వెళ్ళి రెండోవైపు పట్టుకుంది. పిట్ట పలకలు ఒక్కోటీ వరండాలోకి మోసింది. మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. ఇంత చిన్న పనా అనిపించింది ఆమెకి.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళేసరికి తల్లి సోఫా కొసన కూర్చుని ఉంది. బ్యాగు జిప్పు వేసి ఉంది. తమ్ముడు బాల్కనీలో నిలబడ్డాడు. మరదలు టీ పెడతానంటూ లోపలికి వెళ్ళింది.

"అమ్మా, లే. మనింటికి. గది ఖాళీ చేశాం."

"ఏ గది?"

"కింది గదమ్మా."

"మెషిను వచ్చిందా అయితే?" అని అడిగింది ఆవిడ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. అల్లుడు తల వంచుకున్నాడు.

"మెషిను లేదు, గిషను లేదు. పద."

"నేను ఆ ఆశ్రమానికెళ్ళి చూసొచ్చాను అమ్మడూ. నా మంచం నాకే. పగలు కూడా నడుం వాల్చచ్చు. ఎవరు టీవీ ఎప్పుడు కట్టేస్తారా అని కాచుకోనక్కర్లేదు." వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"కూతురుండగా నీకు ఆ ఖర్మేమిటమ్మా?"

"కూతురు ఇన్నాళ్ళూ ఉందిగా," అంది తల్లి. అని, కూతురి మొహం చూసి నొచ్చుకుంది. "నిన్ను అనడం లేదులేవే. ఎవరి వీలు వాళ్ళది."

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంది. బ్యాగు పిట్ట పట్టుకుంది. అత్తగారి చెయ్యి అల్లుడు పట్టుకున్నాడు, ఆ చెయ్యి పట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. కింద కారు తలుపు తీసి ఆయన అలాగే నిలబడిపోయాడు.

"అత్తయ్యా, పోనీ ఒకపని చేయండి. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండి చూడండి. నచ్చకపోతే అప్పుడు..."

ఆవిడ ఆయన భుజం తట్టింది.

"ఉండి చూసి ఎంచుకునే వయసు కాదు బాబూ నాది."

ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు గాని బండి తీయలేదు. "ఎటు పోనివ్వను?" అన్నాడు భార్యతో. చెంపల మీద కారుతున్నది తుడుచుకోను కూడా లేదు.

'ఇంటికి' అనాలని ఆమెకి నోటిదాకా వచ్చింది. ఈసారి కూడా నిర్ణయం వేరేవాళ్ళే చేసి పెడితే బాగుండుననిపించింది. అలా అనిపించినందుకు తనని తాను క్షమించుకోలేకపోయింది.

"అమ్మ చెప్పిన చోటికే," అంది.

కారు కదిలింది. ఆమె తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ముందు సీట్లోంచి పిట్ట వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది.

"ఊరుకోవే, దాన్ని ఏడవనీ," అంది అమ్మమ్మ, కూతురి నెరిసిన పాపిట సవరిస్తూ. "అక్కడికి వెళ్ళాక ఏడిస్తే నలుగురూ చూస్తారు."