నరసాపురం టైము

మరియరాణి నాతో మొట్టమొదట మాట్లాడింది ఇంగ్లీషులో. అదీ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"ఎక్స్‌క్యూజ్ మీ. ఐ యామ్ లుకింగ్ ఫర్ మిస్టర్ మార్క్, టూర్ లీడర్."

"నేనేనండి. ఎక్కండి, ఏడున్నరకి బస్సు కదులుతుంది" అన్నాను తెలుగులో.

ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసింది. లిస్టులో మార్క్ అని చూసి ఎవరో తెల్లబ్బాయి అనుకుందట.

"మాది ఏలూరండి."

"ఆ ముక్క లిస్టులోనే రాయొచ్చు కదండీ! హాస్టల్ దగ్గర్నుంచి ఆ రెండు వాక్యాలూ బట్టీ పట్టుకుంటూ వచ్చాను" అంది, తప్పంతా నాదే అయినట్టు.

అది రెండువేల సంవత్సరం మార్చి. మెల్‌బోర్న్ యూనిలో ఒక సెమిస్టర్ చదవడానికి వచ్చిన ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్లు ముప్ఫై ఇద్దరికి నాలుగు రోజుల టూర్: కాన్‌బెరా, సిడ్నీ, మళ్ళీ వెనక్కి. జర్మనీ నుంచి, జపాన్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మన దేశం నుంచి ఆమె ఒక్కతే. విశాఖలో ఎమ్మెస్సీ, సొంతూరు నరసాపురం.

నేను అదే యూనిలో పార్ట్‌టైమ్ మాస్టర్స్ చేస్తూ, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో వైటుకే పని చేసేవాణ్ణి. రెండువేలు రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా, రెండేళ్ళపాటు ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడమే నా ఉద్యోగం. డిసెంబరు ముప్ఫై ఒకటిన ప్రపంచమంతా ఊపిరి బిగబట్టింది, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం నా గొప్పే అని నా నమ్మకం. టైము విషయంలో నాకు చెప్పేవాడు లేడనుకుంటూ తిరిగే రోజులవి. ఈ టూరుకి లీడర్‌గా నా పనల్లా తలలు లెక్కపెట్టడం, అందర్నీ టైముకి బస్సెక్కించడం.

పదిన్నరకి భోజనాల లిస్టు పట్టుకుని సీటు సీటుకీ తిరిగాను.

"వెజ్జా, నాన్‌వెజ్జా అండీ?"

మరియరాణి కళ్ళు మూసుకుని ఉంది. పలకలేదు. మళ్ళీ అడిగాను. నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది, పెదాలు కదులుతున్నాయి. పొగరనుకుని, వెజ్ అని రాసేసి వచ్చేశాను.

మధ్యాహ్నం ఆకుకూర శాండ్‌విచ్ చేతికిచ్చేసరికి ఆమె ముఖం చూడాలి.

"ఇదేంటండీ? మేం చేపలు తినేవాళ్ళం!"

"అడిగితే పలికారా?"

"అయ్యో, అప్పుడు మా ఇంట్లో ప్రార్థన టైమండి. పొద్దున్నే అయిదింటికి నాన్నగారు అందర్నీ లేపి కూర్చోబెడతారు. నేనెక్కడున్నా ఆ టైముకి కళ్ళు మూసుకుంటాను." చెయ్యి చాచి వాచీ చూపించింది. అందులో మెల్‌బోర్న్ టైము లేదు, నరసాపురం టైముంది. "మా చెల్లి పెట్టింది. మార్చొద్దని ఒట్టు వేయించుకుంది. టైము చూసినప్పుడల్లా అదేం చేస్తుందో నాకు తెలియాలట."

చెల్లి పేరు సెరీనా. పదహారేళ్ళు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో గుండెలో వాల్వు పాడైంది. మేలో ఆపరేషనన్నారు. ఇవన్నీ మరియరాణి మామూలుగానే చెప్పింది. ఒక్క చోట మాత్రం నవ్వింది.

"నాన్నగారి ప్రార్థన అరగంటకి తక్కువ ఉండదండి. సెరీనాకి ఆకలాగదు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, ఆమెన్ అనేస్తుంది. అందరం లేచిపోతాం. ఆయన ఇంకా మోకాళ్ళ మీదే ఉంటారు."

నా శాండ్‌విచ్‌లో చికెన్ ఉంది. మార్చుకుందామంటే వద్దనలేదు.

మర్నాడు శనివారం, కాన్‌బెరాలో వార్ మెమోరియల్. ఒంటిగంటకి బస్సు దగ్గరికి రమ్మన్నాను. ముప్ఫై ఒక్కరొచ్చారు. ముప్ఫై రెండో మనిషి ఒంటిగంటన్నరకి, ఏమీ ఎరగనట్టు, ఎండలో తాపీగా నడుచుకుంటూ వచ్చింది.

"అరగంటసేపు అందరూ మీకోసం కూర్చున్నారు!" అన్నాను గట్టిగా. బస్సులో అందరూ మావైపే చూశారు.

ఆమె వాచీ చూసుకుని వేళ్ళ మీద లెక్కేసింది. ఇండియా టైముకి అయిదున్నర గంటలు కలపాలి. అయిదే కలిపింది. ముఖం ఎర్రబడిపోయింది.

"సారీ అండి. అరగంట మర్చిపోయాను."

"ఉండేది ఆస్ట్రేలియాలో, బతికేది నరసాపురం టైములోనా? ఇలా ఇవ్వండి."

వాచీ తీసుకుని నేనే ముల్లు తిప్పాను. ఆమె అడ్డం చెప్పలేదు. నలుగురిలో తిట్టించుకున్న మనిషి ఏం చెబుతుంది? తిరిగి పెట్టుకుంటూ ఆ వాచీని వేరేవాళ్ళ వస్తువులా చూసింది. అప్పుడే నాకు మనసులో కలుక్కుమంది. కానీ లీడర్‌ని కదా, మళ్ళీ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం హాస్టల్లో ఫోన్ కార్డుతో ఇంటికి మాట్లాడి, నేరుగా నా దగ్గరికొచ్చింది.

"మార్క్ గారూ, సెరీనాకి ఆపరేషన్ రేపేనంటండి. మద్రాసు నుంచి పెద్ద డాక్టరు ఆదివారం ఒక్కరోజే హైదరాబాదు వస్తున్నారని దాన్ని అక్కడి ఆసుపత్రిలో చేర్చారట. రేపు కాకపోతే మళ్ళీ ఎప్పుడో తెలీదట. పొద్దున్న ఆరున్నరకి లోపలికి తీసుకెళ్తారు. సరిగ్గా ఆరింటికి వార్డుకి ఫోన్ చేస్తే దానికిస్తామన్నారు." చేతిలో ఫోన్ కార్డు అటూ ఇటూ తిప్పింది. "నేను ప్రార్థన చేస్తే ఆమెన్ చెప్పి వెళ్తానని కూర్చుందట. లేకపోతే వెళ్ళనంటోంది. ఇక్కడి టైముకి ఎన్నింటికి చేయాలి? మీరే చెప్పండి, నా లెక్క నాకే నమ్మకం లేదు."

"పదకొండున్నర" అన్నాను క్షణం ఆలోచించకుండా. చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. "దారిలో ఫోనున్న చోట బస్సాపించే పూచీ నాది. మీరు నిశ్చింతగా ఉండండి."

"థాంక్సండి" అంది. మధ్యాహ్నం అన్నదంతా మర్చిపోయినట్టు చూసింది. ఆ చూపు కోసం ఆ రాత్రి నేను కాన్‌బెరా మొత్తాన్ని మోయమన్నా మోసేవాణ్ణి.

ఆదివారం పొద్దున్న హాస్టల్ తలుపు మీద నోటీసుంది. వేసవి కోసం గంట ముందుకు జరిపిన టైము అయిపోయింది, గడియారాలన్నీ గంట వెనక్కి పెట్టుకోండి అని. ఒక గంట నిద్ర ఫ్రీ! గదిగదికీ తిరిగి అందరి వాచీలూ నేనే సరిచేయించాను. మరియరాణి వాచీ కూడా నా చేత్తోనే గంట వెనక్కి తిప్పాను. జేబులో చీటీ జేబులోనే ఉంది. దాని సంగతి నాకు తట్టలేదు.

సిడ్నీ దారిలో పదింటికి గోల్‌బర్న్‌లో టీకి ఆగాం. అక్కడ ఇల్లంత సిమెంటు గొర్రె ఒకటుంటుంది. అందరూ దానికింద ఫోటోలు దిగుతున్నారు. పక్కనే ఫోన్ బూత్. మరియరాణి ఫోన్ కార్డు చేత్తో పట్టుకుని దాని ముందే నిలబడింది.

"ఇప్పుడే చేసేయనాండీ? ఎందుకో గుండె దడగా ఉంది."

"ఇప్పుడక్కడ తెల్లారుజామున నాలుగున్నరండి. పాపం, నిద్రలో లేపుతారా? దారిలో మిట్టగాంగ్‌లో ఆపిస్తాను, సరిగ్గా టైముకి."

తలూపి కార్డు పర్సులో పెట్టేసుకుంది. పదిన్నరకి నేను ముప్ఫై రెండు తలలు లెక్కపెట్టి డ్రైవర్ కెవిన్‌కి "రైట్" చెప్పాను. బస్సు కదిలింది.

మిట్టగాంగ్‌లో పదకొండున్నరకి ఆమె నంబర్లు నొక్కింది. నేను బూత్ బయట నిలబడ్డాను. సన్నగా వాన మొదలైంది.

"హలో... సెరీనా అక్కనండి... తీసుకెళ్ళిపోయారా? అదేంటండీ, ఆరున్నరకి కదా..." ఆగింది. "ఇప్పుడక్కడ టైమెంతండీ?"

అవతల ఎవరో చెప్పారు. ఆమె నెమ్మదిగా ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది.

"ఏడట."

ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఇక్కడ గడియారాలు వెనక్కి వెళ్ళాయి. ఇండియాలో వెళ్ళవు. నిన్నటి అయిదున్నర గంటల తేడా ఈరోజు నాలుగున్నర అయింది. గోల్‌బర్న్‌లో నేను "రైట్" అన్న నిమిషమే అక్కడ సరిగ్గా ఆరు. ఆ పిల్ల ఫోన్ కేసి చూస్తూ కూర్చున్న నిమిషం. రెండేళ్ళు ఊరందరి తేదీలూ సరిచేసినవాణ్ణి, ఒక్క గంట తగ్గించడం మర్చిపోయాను.

"తప్పు నాదండి" అన్నాను. "గంట మారిందని తెలిసి కూడా లెక్క మార్చలేదు. పూర్తిగా నాదే తప్పు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. వాచీ విప్పి నా చేతికిచ్చింది.

"రెండుసార్లు మీరే తిప్పారు కదండీ. నా టైము మళ్ళీ నాకు పెట్టివ్వండి."

వానలో నిలబడి ముల్లు ఏడు మీదికి తిప్పాను. ఆ తర్వాత సిడ్నీ దాకా ఆమె ఆ వాచీనే చూస్తూ కూర్చుంది.

సిడ్నీలో సర్క్యులర్ కీ రేవు దగ్గర అందరూ ఓపెరా హౌస్ చూడ్డానికి దిగారు. తలల లిస్టు కెవిన్ చేతిలో పెట్టాను.

"నేను రాను. నువ్వే లెక్కపెట్టు మేట్."

కెవిన్ ఆమెకేసి చూసి, ఏమీ అడక్కుండా తీసుకున్నాడు.

ఫెర్రీలు ఆగే చోట ఫోన్ బూతుల ఎదురుగా మరియరాణి బెంచీ మీద కూర్చుంది. నేను బెంచీ ఆ చివర కూర్చున్నాను. ఆపరేషన్ అక్కడి టైముకి మధ్యాహ్నం పన్నెండుకి పూర్తవుతుందన్నారట. ఆమె వాచీలో తొమ్మిదైంది. ఫెర్రీలు వస్తున్నాయి, పోతున్నాయి. జనం గొడుగులు మడుస్తున్నారు, విప్పుతున్నారు. పదైంది.

"వెళ్ళండి. ఓపెరా హౌస్ చూడండి" అంది, నావైపు చూడకుండా.

"వెళ్ళను."

"మీరిక్కడుంటే ఏం మారుతుంది?"

"ఏమీ మారదు. అయినా వెళ్ళను."

ఇంకో ఫెర్రీ వెళ్ళాక అంది: "దానికి భయమండి. పైకి హడావిడి చేస్తుంది కానీ ఇంజక్షన్ చూస్తేనే కళ్ళు మూసుకుంటుంది. నేను ఫోన్ చేయలేదనుకుంటూ వెళ్ళుంటుంది. ఏదైనా అయితే... అదే ఆఖరిగా అనుకున్నది..."

పూర్తి చేయలేకపోయింది. ఆ మూడు గంటల్లో నేను దేవుణ్ణి అడిగినంత ఇంకెప్పుడూ ఏదీ అడగలేదు. ఆ పిల్ల బతకాలి, అంతే. మరియరాణి నన్ను జన్మలో క్షమించకపోయినా సరే.

పన్నెండుకి బూత్‌లోకి వెళ్ళింది. తలుపు మూయలేదు. నేను వినాలనే అనుకుంటా.

"హలో... సెరీనా అక్కని... ఎవరు, వార్డులో శేషుకుమారి సిస్టరా అండీ?... ఆ... ఆ..."

బూత్ అద్దానికి చెయ్యి ఆన్చింది.

"అయిపోయిందా? బాగానే ఉందా? కళ్ళు తెరిచిందా?... రేపటిదాకా మాట్లాడకూడదా? వద్దండి, వద్దు, మాట్లాడొద్దు, బాగుంటే చాలు... ఏంటండీ? నాకేదో చెప్పమందా?"

వింది. విని, ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఫోన్ పెట్టేసి బయటికొచ్చింది.

"ఏం చెప్పమందండీ?"

"లోపలికి తీసుకెళ్తుంటే సిస్టర్‌ని ఆపి చెప్పిందట. 'మా అక్క ఎప్పుడూ లేటే. నేను ఆమెన్ ముందే చెప్పేశాను. దాని ప్రార్థన తీరిగ్గా చేసుకోమనండి' అందట."

నేను ఏడ్చాను. సర్క్యులర్ కీలో, అంతమంది టూరిస్టుల మధ్య, ముప్ఫై ఇద్దరికి లీడర్ని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె పర్సులోంచి రుమాలు తీసిచ్చింది.

"కోపం పోయిందా?" అన్నాను.

"పోలేదు. చాలా ఉంది." నా పక్కనే కూర్చుంది, బెంచీ ఈ చివర. "కానీ ఆ కోపం ఇంకెవరితోనో కాదు, మీతోనే చెప్పుకోవాలనిపిస్తోంది. ఇదేంటో నాకు తెలియట్లేదండి."

"నాకు తెలుసు" అన్నాను. "నిన్నట్నుంచీ తెలుసు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇలాంటి రోజున చెప్పకూడదు. కానీ నేను లెక్కేసి చెప్పే టైములు ఎలా ఉంటాయో చూశారు కదా."

ఆమె నావైపు చూసి, ముందు ప్రార్థన బాకీ ఉందని కళ్ళు మూసుకుంది. ఈసారి నేనూ మూసుకున్నాను.

జూలైలో ఆమె తిరిగి వెళ్ళిపోయింది. అక్టోబరులో ఆమె రమ్మంటే, సెలవు పెట్టి, పెళ్ళి అడగడానికి నేను నరసాపురం వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు సుందర్ రాజు హైస్కూల్లో లెక్కల మాస్టారు. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మీది ఏ సంఘం బాబూ?"

"ఆర్.సి.ఎం. అండి, క్యాథలిక్కులం."

"మేం లూథరన్. మీ చర్చి వేరు, మా చర్చి వేరు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. గుమ్మం వెనక గాజులు కదిలాయి.

"ఇంకో సంగతండి. అది చెప్పకుండా అడిగితే అన్యాయం" అన్నాను. "ఆపరేషన్ రోజు మీకు ఫోన్ రాకపోవడానికి కారణం నేను. లెక్క తప్పాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశారు. "ఆ అరగంట నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను బాబూ" అన్నారు. "మర్చిపోయేది కాదు." తర్వాత, "సరే. ప్రార్థన చేసి చెబుతాం."

మా క్రైస్తవుల ఇళ్ళలో ఆ మాటకి అర్థం నాకు తెలుసు. అవునూ కావచ్చు, కాదూ కావచ్చు, మూడేళ్ళూ పట్టొచ్చు.

"ఎప్పుడో ఎందుకు, ఇప్పుడే చేద్దాం" అంటూ ఆయనే చాప మీద మోకరించారు. అందరం మోకరించాం. మరియరాణి తలవంచుకుంది. పక్కనే సెరీనా, సన్నగా, జడ ముందుకేసుకుని. ఆయన బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండం నుంచి మొదలుపెట్టారు. ఇస్సాకు పెళ్ళి అయింది, యాకోబు పెళ్ళిలోకొచ్చారు.

"ప్రభువా, ఈ అబ్బాయి మా వాకిట్లోకి వచ్చాడు. ఇది నీ చిత్తమైతే ఈ ఇద్దర్నీ..." అని, ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

"ఆమెన్!" అంది సెరీనా.

ఎవరూ కదల్లేదు. మాస్టారు ఒక కన్ను తెరిచి చిన్నకూతుర్ని చూశారు. ఆ పిల్ల రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఆయన చూపు ఆ చేతుల మీద ఆగింది. కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకుని, పెద్దకూతురివైపు చూశారు, తర్వాత నావైపు.

"ఆమెన్" అన్నారు.