బూస్ట్ పడితే చావే!

"బూస్ట్ పడిపోతోందిరా గిడియన్!"

వైర్‌లెస్‌లో ఏజెంట్ లాజరస్ చివరి మాట అదే. హైవే మీద ట్రక్కును ఓవర్‌టేక్ చేస్తుండగా బూస్ట్, అంటే టర్బో గాలి ఒత్తిడి పోయి, అతని కారు చప్పున నీరసపడిపోయింది. ఎదురుగా ఇంకో ట్రక్కు వచ్చింది.

1995. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. మర్నాడు గూఢచారి శాఖ చీఫ్ సువర్ణకుమారి గిడియన్‌ని పిలిచింది.

"రాడార్ డిజైన్ మైక్రోఫిల్మ్. విదేశీ ముఠా చేతికి చిక్కకూడదు. కేరమ్ డౌన్స్ గుళ్లో మన మనిషి పులిహోర పొట్లంలో పెట్టి ఇస్తాడు. కొత్త టర్బో కారుకి పూజ చేయించే మొగుడూ పెళ్లాల్లా మీరూ, మన ఏజెంట్ క్లారా వెళ్లండి. డాండినాంగ్ కొండ మీది సేఫ్ హౌస్‌కి తెచ్చెయ్యండి."

"గుళ్లో పూజా? మాది రేపల్లె లూథరన్ చర్చండీ మేడమ్!"

"క్లారాదీ చర్చే. చర్చి వాళ్లు గుడికొస్తారని ఎవరికీ అనుమానం రాదు."

లాజరస్ తర్వాతి వంతు తనదేనని గిడియన్‌కి గట్టిగా అనిపించింది.

గుడికి పంచె కట్టుకెళ్లాడు. బొడ్లో తుపాకీ దోపితే పంచె జారిపోతోందని దాన్ని గ్లవ్ బాక్సులో పడేశాడు. క్లారా పట్టుచీరలో వెలిగిపోతోంది. అతను చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఆమె బానెట్ ఎత్తి, పంతులుగారు చెప్పినట్టు ఇంజన్‌కి కుంకుమ బొట్లు పెట్టింది.

ప్రసాదం దగ్గర ఒకాయన అడిగాడు. "ఇంగువ ఎక్కువైందా?"

"మా ఇంట్లో అంతేనండీ," అన్నాడు గిడియన్.

కోడ్ కుదిరింది. పొట్లం చేతికొచ్చింది.

కొండ ఎక్కుతుంటే బానెట్ కింద సన్నగా ఈల మొదలైంది. బూస్ట్ గేజ్ ముల్లు సున్నాకి జారింది. యాక్సిలరేటర్ నేలకి తొక్కినా కారు ఎడ్లబండిలా పాకుతోంది. కింది మలుపుల్లో ఒక తెల్ల వ్యాన్ పైకి వస్తోంది.

గిడియన్ కారు పక్కకి ఆపి, దిగి బానెట్ ఎత్తాడు. లాజరస్‌కీ ఇలాగే జరిగింది.

"ఎక్కడో గాలి లీకవుతోంది. నువ్వు సీట్లోకొచ్చి రేజ్ చెయ్యి క్లారా!"

పూజలో మిగిలిన అగరబత్తి వెలిగించి గొట్టాల వెంబడి తిప్పాడు. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర పొగ ఒక్కసారిగా పక్కకి కొట్టుకుపోయింది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంప్ వదులైంది. బిగించబోయి ఆగిపోయాడు.

స్క్రూ గాడిలో ఎర్రగా కుంకుమ!

అంత అడుగున ఎవరూ బొట్టు పెట్టరు. తడి కుంకుమ వేళ్లకి అంటుకుంటే ఓ పట్టాన వదలదని చిన్నప్పట్నుంచీ వాడే వాళ్లకి తెలుసు. చర్చి పిల్లకేం తెలుసు, ఆ వేళ్లతోనే స్క్రూ వదులు చేసింది! లాజరస్ కారును సర్వీసుకి తీసుకెళ్లిందీ క్లారాయే. ఇప్పుడు తను కారు ముందున్నాడు, ఆమె కాలు యాక్సిలరేటర్ మీద ఉంది.

దొరికిన నాణెంతో ఆ స్క్రూని మొత్తం విప్పేశాడు. గొట్టాన్ని అంచు మీద ఊరికే ఆనించి బానెట్ మూశాడు.

"బిగించేశాను."

కిటికీలోంచి క్లారా చేతిలో అతని తుపాకీయే అతని వైపు చూస్తోంది.

"థాంక్స్ ఏవండీ. దిస్ ఆర్వో, మధ్యాహ్నమే నాకు ఫ్లైట్ ఉంది. మిమ్మల్ని వెనకాల వ్యాన్‌లో మావాళ్లు చూసుకుంటారు."

పులిహోర పొట్లంతో సహా కారు దూసుకుపోయింది. వ్యాన్ సరాసరి అతని మీదికే వచ్చింది. "ప్రభువా!" అని గిడియన్ పక్క కాలవలోకి దూకాడు. పంచె కొస చక్రం కింద చిరిగింది.

పై మలుపులో ఫట్‌మని గొట్టం ఊడింది. కారు నల్లటి పొగ కక్కి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. బ్రేకులు చాలక వ్యాన్ దాన్ని గుద్దేసింది.

ఆ చప్పుడుకి సేఫ్ హౌస్ మనుషులు కిందికి పరిగెత్తుకొచ్చారు. నుజ్జయిన కార్లోంచి కుంటుతూ దిగిన క్లారాకి, వ్యాన్‌లోని ముఠాకి బేడీలు పడ్డాయి. ఫిల్మ్ భద్రంగా ఉంది, పులిహోరే సీటంతా చిందింది.

"ఎలా కనిపెట్టారు?" వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు.

చిరిగిన పంచె గుప్పిట్లో పట్టుకుని చెప్పాడు గిడియన్.

"కారు పూజ ఫలించింది మేడమ్. మా పాస్టరుగారికి మాత్రం చెప్పకండి."