కొవ్వొత్తి వద్దన్న ఆరాంచా

మొదటి సాక్షిని కోర్టు మెట్ల మీదే కాల్చేశారు.

"ఇక మిగిలింది ఒక్క ముసలావిడ, ఎమెతేరియా," అన్నాడు కర్నల్ బెన్గోవా. "సరిహద్దు కాపలాలో ఉన్న కొడుకును విదేశీ ఆయుధాల ముఠా నాయకుడు ఆమె కళ్లముందే చంపాడు. ఎల్లుండి కోర్టులో వాణ్ణి వేలెత్తి చూపాలి. అంతవరకు ఆమె ప్రాణం నీ బాధ్యత."

"ఎక్కడుంచారు?"

"ద్రాక్షతోటల సీమ రియోహాలో, ఒక వైనరీ నేలమాళిగలో. బాంబు పడినా చెక్కుచెదరదు."

"ద్రాక్షకోతల కాలంలోనా?"

మాడ్రిడ్‌లో పుట్టిన కర్నల్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అక్కడ మన మనిషి ఉంది. ఆరాంచా."

ఏజెంట్ లియాండ్రో లేచాడు. ఒకే ఊళ్లో పెరిగిన ఆరాంచాను అతను ఒకప్పుడు పెళ్లాడాలనుకున్నాడు. తన ఉద్యోగం ఏమిటో చెప్పలేక ఊరుకున్నాడు. ఆమెదీ అదే ఉద్యోగమని చాలా ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కూలివాడి వేషంలో, అడుగున ట్రాన్స్‌మిటర్ దాచిన బుట్టతో అతను ద్రాక్షతోటలో దిగాడు. ఎర్రమట్టిలో మోకాలెత్తు తీగలు. వాటి వెనుక, కొండల వంపునే కప్పుగా మలిచినట్టున్న రాగి భవనం. ఆరాంచా బయటి ప్రపంచానికి ఆర్కిటెక్టు. ఆ కప్పు ఆమె గీసినదే. దాని కింద పాతకాలపు రాతి సొరంగాలు. వాటికి గాలినిచ్చే రాతి గొట్టాలు తోట వరుసల మధ్య తలలెత్తి ఉంటాయి. ఆ రోజు వాటిపై గోనెపట్టాలు పరచి, పళ్లబుట్టలు పేర్చారు. కోతల హడావుడి అనుకున్నాడు లియాండ్రో.

తలుపు దగ్గర ఆరాంచా నిలబడి ఉంది. ఆకుపచ్చ పట్టు చొక్కా, నల్లద్దాలు.

"ఈ ఏడు వడగళ్లు పడలేదట," అన్నాడు.

"పడితే ముందు నా కప్పుకే తెలుస్తుంది." కోడ్ సరిపోయింది. "పళ్లు కోసే చేతులా ఇవి? పేకాట చేతులు!"

"నీ కప్పును చూసి మా మేస్త్రీ కోళ్ల షెడ్డా అన్నాడు."

ఆమె నవ్వింది. అతను గూట్లోని కొవ్వొత్తి అందుకోబోతే చేయి పట్టుకుని ఆపింది.

"వద్దు. పొగ వైన్‌కు పడదు. టార్చి తీసుకో."

నేలమాళిగ మెట్లు కొన్ని దిగి అతను ఆగిపోయాడు. రసం పులిసే రోజుల్లో బొగ్గుపులుసు వాయువు కంటికి కనబడకుండా నేలబారున నిండుతుంది. కొవ్వొత్తి ఆరితే మనిషి వెనక్కి రావాలి. వాళ్ల ఊళ్లో పిల్లలకు జపమాల కంటే ముందు నేర్పే సంగతి ఇది. ఆరాంచా తండ్రి కొవ్వొత్తి లేకుండా దిగి శవమై పైకి వచ్చాడు. ఆ శవపెట్టెను మోసినవాళ్లలో లియాండ్రో ఒకడు.

అతను వెనక్కి వచ్చి, కొవ్వొత్తి వెలిగించి, మెట్ల మీదికి వంచాడు. మంట కుంచించుకుపోయి ఆరింది.

తోటలోకి పరుగెత్తి, గాలి ఆడకుండా గొట్టాన్ని మూసిన బుట్టలను తన్నేశాడు.

"పిచ్చెక్కిందేంట్రా నీకు? పళ్లు!" అని అరిచాడు మేస్త్రీ.

"కింద మనిషి ఉంది!"

రెండో మాట అవసరం లేకపోయింది. కూలీలందరూ గొట్టాల వైపు పరుగెత్తారు. లియాండ్రో ఊపిరి బిగబట్టి కిందికి దిగాడు. గదికి బయట గడియ పెట్టి ఉంది. లోపల ఎమెతేరియా పీపాల మీదికెక్కి, పైకప్పుకు ముఖం ఆనించి దగ్గుతోంది.

భుజాన వేసుకుని పైకి తెచ్చాక, ఆమె చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"ఏం బాబూ, నన్నూ నిలవ పెట్టి, పాతబడ్డాక తీద్దామనుకున్నారా?"

ఆరాంచా పారిపోలేదు. గడప మీదే కూర్చుని ఉంది.

"నా తమ్ముడు ఆ ముఠా చేతుల్లో ఉన్నాడు, లియాండ్రో."

"ఆవిడ కొడుకు మట్టిలో ఉన్నాడు."

ఆమె తల వంచుకుని చేతులు చాపింది. అతను బేడీలు వేశాడు.

"కొవ్వొత్తి వద్దంటే నాకు తెలిసిపోతుందని నీకు తెలియదా? నన్నూ చంపాలనుకున్నావా, హెచ్చరించావా?"

ఆరాంచా జవాబు చెప్పలేదు. ఆ తర్వాత కోర్టులోనూ చెప్పలేదు.

మర్నాడు కోర్టులో ఎమెతేరియా ఆ ముఠా నాయకుణ్ణి వేలు వణక్కుండా చూపింది. న్యాయం జరిగింది, జరగవలసిందే. ఆ వారంలోనే ఎబ్రో నది ఆరాంచా తమ్ముడి శవాన్ని ఒడ్డుకు చేర్చింది.

ఆ ఏటి వైన్ గొప్పగా కుదిరిందని ఇప్పటికీ అంటారు. ఎవరు గ్లాసు అందించినా లియాండ్రో డ్యూటీలో ఉన్నానంటాడు. అతను రిటైరై చాలా ఏళ్లయింది.