మిషను కుట్టిన మాట

వాన పడుతున్న సాయంత్రం. నా మనుమరాలు రుచితకు ఎంబ్రాయిడరీ మిషను కొందామని నిజామాబాద్‌ల భూమేష్ దుకాణానికి పోయినం. తల్లి లేని పిల్ల. నా చేతుల మీద పెరిగింది. నాకు అదొక్కతే. బీడీలు చుట్టి చుట్టి దాని వేళ్లు కాయలు కాసినయి, ఇగ జాకెట్లకు పూలు కుట్టి బతుకుతనన్నది.

భూమేష్ రెండు మిషన్లు చూపించిండు. ఒకటి కొత్తది, చిన్న ఫ్రేము. ఇంకొకటి వాడినది, పెద్ద ఫ్రేము. రుచిత చెయ్యి పెద్దదాన్ని ఇడవలేదు.

"గిది ఎవరిది నాయినా?"

"బోధన్ దిక్కు చెరుకు తోటల నడుమ, ఆంధ్రోళ్లు వచ్చి ఉంటున్న క్యాంపు లేదా అవ్వా, అక్కడ ఉదయలక్ష్మి అని ఒకామెది."

"మంచిగున్నది గదా, ఎందుకు అమ్మింది?"

భూమేష్ గొంతు తగ్గించిండు. "ఆమె అమ్మలే. ఆమె పోయినంక ఇంటోళ్లు అమ్మిండ్రు."

నాకు మనసున పట్టలే. రుచిత నవ్వింది. "మిషనుకు గూడ దయ్యం పడుతదా అవ్వా? నువ్వు జర ఊకో." గులాబి పువ్వు ఎంచుకొని మీట నొక్కింది.

అప్పుడే కరెంటు పోయింది.

దుకాణమంత చీకటి. రేకుల మీద వాన. మిషను నూనె వాసన... దాని వెనుక ఇంకేదో. చెరుకాకు కాలిన వాసన.

మిషను ఆగలేదు.

టక్... టక్... టక్...

"భూమేషన్నా... దీనికి బ్యాటరీ ఉన్నదా?" రుచిత గుసగుస.

"లేదు బిడ్డా..."

రుచిత ఫోన్ లైటు వేసింది. తెల్లబట్ట మీద పువ్వు లేదు. ఎర్రదారం అక్షరాలు. ముసలితనంల సదువు నేర్చినదాన్ని, నోటితో తప్ప కండ్లతోటి సదవరాదు నాకు. కూడబలుక్కుంట పైకే సదివిన.

"వె... ళ్ళొ... స్తా."

ఎవరన్న పోయొస్తనంటె ఊకుంటమా? ఆలోచన లేకుంటనే నోరు జవాబు చెప్పింది.

"మంచిది బిడ్డా, పోయిరా."

చప్పుడు ఆగింది. తడి చీర కుచ్చిళ్లు నా కాళ్లకు రాసుకుంట పోయినట్టయింది... రుచిత చేతిల ఫోను కిందపడి లైటు ఆరిపోయింది.

"రుచితా!"

తడుముతుంటె దాని చెయ్యి దొరికింది. సల్లగ ఉన్నది. ఏ మిషనూ వద్దు, మన ఇల్లు మనం చేరితె చాలనుకొని, ఆ చెయ్యి గుంజుకొని ఆటో ఎక్కిన.

తొవ్వంత అది నోరు తెరవలే. జడుసుకున్నదనుకున్న. మా గల్లి మొదట్ల దిగి, వానల నిలబడి, అటూ ఇటూ చూసింది. పుట్టినకాడి నుంచి తిరిగిన గల్లి.

"మామ్మగారూ," అన్నది మెల్లగ. "మన ఇల్లు ఏదండీ?"