నిలబెట్టి తీసిన కొలత

“ఒక్క మాట! ‘నమ్ముతాను’ అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేదండీ?”

ఇంటి గుమ్మంలోనే గోడకి ఆనుకుని కూలబడిపోయింది ఆమె. రెండు చేతులతో మొహం కప్పుకున్నా ఏడుపు ఆగడం లేదు. పదకొండేళ్లు! ఎన్ని ఆస్పత్రులు, ఎన్ని మందులు, ఎంతమంది జాలి చూపులు... చివరికి పిల్లల ఆశ్రమంలో మూడేళ్ల పసిది ఒకతె వచ్చి ఆమె వేలు పట్టుకుంది. ఒక్కచోట నిలవదు, గెంతుతూనే ఉంటుంది కనక అందరూ దాన్ని ‘పిచ్చుక’ అంటారు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం వెళ్లి దానికి జడలు వేసి వస్తోంది ఆమె. కాయితాల పనంతా అయిపోయింది. ఇక ఆశ్రమం నడిపే పెద్దమ్మగారితో మాట్లాడటం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ ఇవాళ ఇలా అఘోరించింది!

పెద్దమ్మగారు అడిగింది ఏమంత కష్టమైన ప్రశ్న కాదు. “నీకు దేవుడంటే నమ్మకం ఉంది కదా బాబూ?” అంది. ఈ మహానుభావుడు, టైమెంతైందని అడిగితే చెప్పినట్టు, “లేదండి” అన్నాడు!

“మరి దరఖాస్తులో ఇద్దరికీ ఉందని రాశావే! అది అబద్ధమా?”

ఆయన భార్యవైపు ఒక్కసారి చూశాడు. ఆయన సంతకం పెట్టి ఖాళీగా వదిలేసిన ఆ గడిని తర్వాత నింపింది ఆమే! ఆయన ఏమీ అనలేదు. ఆమె కూడా నోరు మెదపలేదు.

“దేవుడికి భయపడని మనిషి ఇంకెవరికి భయపడతాడయ్యా? రేపు నువ్వు తప్పు చేస్తే అడిగేదెవరు? ఆడపిల్లని ఏ ధైర్యంతో పంపను?” అని పెద్దమ్మగారు ఫైలు మూసేసి, నడుం మీద చెయ్యేసుకుని కుంటుకుంటూ వెళ్లిపోయింది. చెప్పండి, ఏ మగాడైనా అప్పుడు కాళ్లావేళ్లా పడడూ? ఈయన ఆవిడ కాళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు, అంతే!

“అబద్ధం చెప్పి తెచ్చుకున్న పిల్లకి, అబద్ధం ఆడకూడదని ఏ మొహం పెట్టుకుని చెప్పనే?” అన్నాడు ఆయన, మంచినీళ్లు తెచ్చి ఆమె పక్కనే కూర్చుంటూ. ఆ మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మళ్లీ తనే, “ఆవిడ నడక చూశావా?” అన్నాడు.

“పిల్ల దక్కలేదని నేను కుళ్లికుళ్లి ఏడుస్తుంటే మీకు ఆవిడ నడక కావాలా!”

“ఆ చెప్పుల జోడు నేనే కుట్టానే! ఆవిడ ఎడమకాలు కాస్త పొట్టి. అందుకని ఆ కాలి జోడుకి అడుగున బెండు పొరలు వేసి ఎత్తు చేశాను. పెద్దావిణ్ణి నిలబెట్టడం ఎందుకులే అని కుర్చీలో కూర్చోబెట్టి కొలత తీశాను... బుద్ధిలేనివాణ్ణి! కూర్చుంటే అసలు తేడా తెలియదు. బెండు ఎక్కువైపోయిందని ఇవాళ ఆవిడ నడక చూస్తేగానీ తెలియలేదు. పాపం, ఏడాదిగా నడుం వంకర తిప్పుకుని నడుస్తోంది.”

“ఆవిడేమైనా అందా?”

“లేదు.”

“మరి ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలిసింది కదే!”

మర్నాడు పొద్దున్నే ఆయన పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుంటే, ఆమె కూడా వెంట నడిచింది. పిచ్చుకని ఆఖరిసారిగా ఒక్కసారి చూసుకోవచ్చని ఆశ!

వరండాలో వీళ్లని చూడగానే పెద్దమ్మగారు మొహం గంటు పెట్టుకుంది. సంగతి విని, “జోడు బాగుచేస్తే పిల్లని ఇస్తాననుకున్నావా?” అంది.

“పిల్ల సంగతి మీ ఇష్టమండి. ఇది నా తప్పు, దిద్దుకుని పోతాను. ఒక్కసారి గోడ పక్కన నిలబడండి.”

ఆయన నేలమీద మోకాళ్లూని కొలత తీశాడు. కత్తితో బెండు చెక్కి, తొడిగించి చూసి, మళ్లీ చెక్కాడు. ఆవిడ వరండా చివరిదాకా నడిచింది. వెనక్కి తిరిగి వస్తుంటే, ఎప్పుడూ నడుం మీద ఉండే చెయ్యి దానంతటదే కిందికి జారింది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

“ఇది దేవుడు పెట్టిన పరీక్ష అనుకుని ఓర్చుకుంటున్నానయ్యా ఇన్నాళ్లూ!”

“ఆయన్నేమీ అనకండి పెద్దమ్మగారూ, అది నా నిర్వాకమే.”

పెద్దమ్మగారు పకపకా నవ్వేసింది. ఆ నవ్వు వినగానే ఇల్లాలి గుండెలో ఏదో తెగిపోయింది. ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది.

“అమ్మా! ఆ గడి నింపింది ఆయన కాదు... నేను! నమ్మేదాన్ని నేను, అబద్ధం రాసిందాన్నీ నేనే! నిన్న ఆయన మీద నింద పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. పిల్లని ఇవ్వకపోతే నా ఖర్మ అనుకుంటాను... ఆయన్ని మాత్రం అబద్ధాలకోరు అనుకోకండమ్మా!”

పెద్దమ్మగారు ఆయనవైపు తిరిగింది. “నువ్వెందుకు చెప్పలేదయ్యా?”

“పిల్ల మీది ఆశ రాయించిందండి. ఆ తప్పు తనంతట తను చెప్పుకోవాలి గానీ, నేనెలా చెప్పను?” అన్నాడు ఆయన తల దించుకుని.

పెద్దమ్మగారు లోపలికి వెళ్లి ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. “ముందు నీ చేత్తో అది దిద్దు.”

పాత మాట కొట్టేసి, ‘నా భర్తకు దేవుడి మీద నమ్మకం లేదు’ అని రాసింది ఆమె. కింద సంతకం పెట్టింది. దాని పక్కనే పెద్దమ్మగారు కూడా సంతకం పెట్టింది!

“పిల్లకి ప్రార్థన నేర్పడానికి నువ్వున్నావు. ఎవరూ చూడనప్పుడు ఎలా మసలుకోవాలో ఈయన్ని చూసి నేర్చుకుంటుంది. నాకింకేం బెంగ తల్లీ?”

ఏ మూల నుంచి వచ్చిందో, పిచ్చుక గెంతుకుంటూ వచ్చి ఆమె ఒళ్లో పడింది. ఆమె దాన్ని గుండెలకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. “దేవుడా... దేవుడా...” తప్ప ఇంకో మాట రాలేదు.

“నా తరఫున కూడా ఓ దణ్ణం పెట్టెయ్!” అన్నాడు ఆయన. అంటూనే కళ్లు తుడుచుకుని, నేలమీద కాయితం పరిచి పెన్సిలు తీశాడు. “రా తల్లీ. కూర్చోకూడదు, నిలబడాలి. కాస్త వదులుగా కుడతానేం? మా ఇంట్లో పెరిగేదానివి కదా!”

పెన్సిలు తగిలి చక్కిలిగింతలు పెడుతున్నా, గీత పాదం చుట్టూ తిరిగి వచ్చేదాకా పిచ్చుక కదలకుండా నిలబడింది.