గడ్డి పీల్చే దెయ్యం

ఏటి ఒడ్డున ఉన్న ఆ ఇంటికి మొదటినుంచీ మంచి పేరు లేదు. అందులో ఒక్క రాత్రి పడుకున్నా చాలు, తెల్లారేసరికి మనిషి సన్నబడిపోతాడట. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు గుంటలు పడి, చొక్కా వదులైపోయి... యుద్ధం రోజులు కదా, తిండి లేక అందరూ అలాగే ఉన్నారు కదా అని ఎవరైనా అంటే చెప్పేవాళ్లకి ఒళ్లు మండేది. దెయ్యం ఉన్నచోట ఇలాంటి ప్రశ్నలు అడక్కూడదు మరి.

అలాంటి ఇంట్లో కాపలాకి వేశారు మన సూదిగాణ్ణి.

సూదిగాడు సిపాయి కాకముందు దర్జీ. తుపాకీ ఎటు పట్టుకోవాలో తెలియడానికే నెలలు పట్టింది గానీ, పటాలంలో ఎవడి గుండీ ఊడినా వాడి దగ్గరికే పరుగెత్తేవారు. ధైర్యం సంగతంటారా... పిల్లి తుమ్మినా ఉలిక్కిపడే రకం.

ఏటికి ఇవతల ఈ ఇల్లు, అవతల ఇంకో ఇల్లు. ఆ ఇంట్లో శత్రువులు. కిటికీల్లో వాళ్ల టోపీలు కనబడుతూనే ఉండేవి. ఇవతల నిలబెట్టడానికి కెప్టెన్ దగ్గర మనుషులు లేరు. అందుకని సూదిగాడి చేత గడ్డి సిపాయిల్ని కుట్టించాడు. పాత కోట్లలో ఎండుగడ్డి కూరి, గోనెగుడ్డతో తలకాయ చేసి, టోపీ పెట్టి, కిటికీకొకణ్ణి నిలబెట్టడం. చీకటి పడ్డాక వాళ్ల చోట్లు మార్చడం. అవతలివాళ్లు చూసి, అమ్మో, ఇల్లంతా సైన్యమే అనుకోవాలి.

ఈ చోట్లు మార్చే పనికి ముందు బండోణ్ణి పంపారు. పేరుకి తగ్గ మనిషే. కానీ ఓ రాత్రి పైన ఏదో సరసరమందని, ఒక బూటు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. రెండో బూటు కోసం మళ్లీ వెళ్లనే లేదు.

"అమావాస్యకి కొత్త దళం వస్తుంది. అందాకా కిటికీలు నిండుగా కనబడాలి," అన్నాడు కెప్టెన్ సూదిగాడితో. "కనబడితే సెలవు. ఒక్కడు కూలబడ్డా, నువ్వు పారిపోయొచ్చినా సెలవు లేదు."

సెలవు అనగానే వాడికి ప్రాణం లేచొచ్చింది. ఇంటి దగ్గర పెళ్లాం ఆడపిల్లని కన్నది. పిల్లకి పళ్లు కూడా వస్తున్నాయట. తండ్రి ఇంకా దాని మొహమే చూడలేదు. రాత్రిళ్లు కళ్లు మూసుకుని ఊహించుకుందామంటే, ముక్కు తనదో వాళ్లమ్మదో తెలియక అక్కడే ఆగిపోయేవాడు. దెయ్యమో భూతమో, చూసుకుందాంలే అని వెళ్లాడు.

మొదటి రాత్రి వంటగదిలో దుప్పటి ముసుగు తన్ని, పడుకున్నాడంటే పడుకున్నాడు. పొద్దున్నే పైకెళ్లి చూస్తే — సిపాయిలు సన్నబడ్డారు!

నవ్వకండి. కోటు బిగువు దర్జీకి తెలియదా? సాయంత్రం గుండీలు పెట్టనివ్వకుండా సతాయించిన కోటు, పొద్దునకి భుజాలమీద వేలాడుతోంది. టేపు తీసి కొలిచాడు. మెట్ల పక్క కిటికీవాడి ఛాతీ తగ్గింది. చివరి కిటికీవాడికి పొట్టే లేదు.

గడ్డి అణిగిందేమోలే అనుకుని మళ్లీ కూరాడు. మర్నాడు పొద్దునా అదే కథ. ఈసారి ఇంకోటి కూడా కనబడింది... పెరటి గుమ్మం నుంచి మేడమెట్ల దాకా తడి అడుగులు. వాన చుక్క లేదు.

సూదిగాడికి ముచ్చెమటలు పోశాయి. రక్తం పీల్చే దెయ్యాల గురించి వాళ్ల అమ్మమ్మ బోలెడు చెప్పింది గానీ, గడ్డి పీల్చేదాని గురించి చెప్పలేదే! ఇది దెయ్యమా, దున్నపోతా? ఇవాళ గడ్డి అయిపోతే రేపు ఎవర్ని పీలుస్తుంది?

పారిపోతే సెలవు పోతుంది. ఉంటే ప్రాణం పోయేట్టుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకొక్క రాత్రి పీల్చిందంటే చివరి కిటికీవాడు కూలబడడం ఖాయం. అందుకని పిరికివాళ్లకే వచ్చే పిచ్చి ధైర్యంతో ఆ రాత్రి తనే గోనెగుడ్డ తలకి చుట్టుకుని, కాలర్లో నాలుగు గడ్డిపరకలు దోపుకుని, సిపాయిల వరసలో నిలబడ్డాడు.

చాలాసేపు ఏమీ లేదు. ఏటి చప్పుడు... అంతే.

తర్వాత కింద పెరటి తలుపు కదిలింది.

సర... సర... మెట్లెక్కుతోంది.

పక్కనున్న గడ్డి సిపాయి దగ్గర ఆగింది. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్న చప్పుడు. పైనుంచి కిందికి, ఓపిగ్గా. గడ్డి లాగుతున్న చప్పుడు. తర్వాత...

సూదిగాడి కోటు మొదటి గుండీ ఊడింది. రెండోది. మూడోది. మంచులాంటి చెయ్యి ఒకటి లోపలికి దూరింది... గడ్డికోసం వెతికింది...

లోపల వాడి గుండె కుట్టుమిషనులా టకటకా కొట్టుకుంటోంది. ఆ చెయ్యి సరిగ్గా దానిమీద పడి, ఆగిపోయింది.

ఇద్దరూ అరిచారు. కానీ చప్పుడైతే వెనకున్న పటాలాలు రెండు ఒడ్లనుంచీ తుపాకులు పేలుస్తాయని ఇద్దరికీ తెలుసు. అందుకే ఎవరి నోరు వాళ్లు మూసుకుని మరీ అరిచారు.

సూదిగాడు గోనెగుడ్డ పైకి లాగి అగ్గిపుల్ల గీశాడు. ఎదురుగా శత్రువుల కోటు తొడుక్కున్న కుర్ర సిపాయి. మీసం కూడా సరిగ్గా రాలేదు. నడుందాకా తడిసి, గుండె కొట్టుకునే గడ్డిబొమ్మని చూసి కొయ్యబారిపోయాడు.

వాడి మాట వీడికి రాదు, వీడి మాట వాడికి రాదు. కుర్రాడు చేత్తో ఏటి అవతలి ఇల్లు చూపించాడు. ఒక వేలెత్తి తన గుండెమీద పెట్టుకున్నాడు — ఒక్కణ్ణే. పైకి చూపించి, చిల్లుల కప్పులోంచి నీళ్లు కారినట్టు వేళ్లు ఆడించాడు. తర్వాత చేతులు వేలాడేసి, మెడ వాల్చేసి, నెమ్మదిగా పక్కకి కూలబడి చూపించాడు.

సూదిగాడికి అప్పుడు వెలిగింది. ఓరి నీ ఇల్లు బంగారం గానూ! అవతలున్నది కూడా గడ్డి సైన్యమే! మొన్నటి వానలకి కుళ్లి కూలబడుతుంటే, ఇక్కడి గడ్డి పట్టుకుపోయి కూరుతున్నాడన్నమాట! గడ్డికి భయపడి వీళ్లూ, గడ్డికి భయపడి వాళ్లూ!

తుపాకీ గోడకి ఆనించి ఉంది. బందీని పట్టుకొస్తే రేపే సెలవు, అమావాస్య దాకా ఆగక్కర్లేదు. వాడి మనసు ఒక్కసారి అటు లాగింది కూడా. కానీ ఆ కుర్రాడు గడ్డి మోపుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని నిలబడ్డాడు. వీడికీ ఓ అమ్మ ఉంటుంది, రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది అనిపించింది. అంతే, తుపాకీ వైపు మళ్లీ చూడలేకపోయాడు.

"పట్టుకుపో," అన్నాడు గుసగుసగా. వెళ్లేముందు తనూ చేతులు ఊయలలా ఊపి, తనకో పాప ఉందని చూపించాడు. కుర్రాడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

ఆనాటినుంచి సూదిగాడు రోజూ రాత్రి పెరటి గుమ్మంలో ఓ మోపు గడ్డి పెట్టి పడుకునేవాడు. పొద్దునకి ఉండేది కాదు. కెప్టెన్ బైనాక్యులర్స్ లోంచి చూసి, అవతలివాళ్లకి తిండి బాగా అందుతున్నట్టుందిరా, ఒళ్లు చేశారు అనేవాడు. నవ్వు ఆపుకోలేక సూదిగాడికి కడుపునొప్పి వచ్చేది.

అమావాస్యనాడు గుమ్మంలో గడ్డి బదులు అరచేతంత గడ్డిబొమ్మ ఉంది. కళ్లకి రెండు కోటు గుండీలు. అది పట్టుకుని సెలవుకి ఇంటికెళ్లాడు. పాప ముందు బొమ్మని చూసింది, ఆ తర్వాతే తండ్రిని. ముక్కు వాళ్లమ్మదే.

వాడు సెలవులో ఉండగానే ఫిరంగుల దెబ్బకి ఆ రెండు ఇళ్లూ నేలమట్టమయ్యాయి. యుద్ధం అయ్యాక వెళ్లి అవతలి ఒడ్డునంతా వెతికాడు. అడిగేందుకు పేరైనా తెలియదు. రాళ్ల దగ్గర కూచుని ఏడ్చి వచ్చేశాడు.

ఆ ఏడాదే ఓ పొద్దున్న పాప బొమ్మ తెచ్చి చూపించింది. "నాన్నా, సన్నబడింది."

ఎలుకలేమో అంది పెళ్లాం. సూదిగాడు బొమ్మని తిప్పి తిప్పి చూశాడు. ఒక్క కుట్టు ఊడలేదు. ఒక్క చిల్లు లేదు. లోపల మాత్రం గడ్డి సగమే ఉంది.

వాడి ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే, ఎందుకో, నవ్వొచ్చింది. పెళ్లాన్ని కూచోబెట్టి ఆ ఏటి ఒడ్డు కథంతా చెప్పాడు. ఆ రాత్రి పెరటి గుమ్మంలో ఓ మోపు గడ్డి పెట్టి, తలుపు ఓరగా వేసి పడుకున్నాడు.

పొద్దునకి గడ్డి లేదు. బొమ్మ పాప పక్కలో బొద్దుగా పడుకుని ఉంది. గుమ్మం నుంచి పాప మంచం దాకా... తడి అడుగులు.

పెళ్లాం వాటిని చూసింది. మొగుడి మొహం చూసింది. గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ, మెల్లగా అంది —

"ఈసారి వచ్చినప్పుడు మీవాణ్ణి కాళ్లు తుడుచుకుని రమ్మనండి."