తువ్వాలు కింది బేరం

ఆ పొద్దున సూర్యాపేటలోని ఇంటి ముందు కిరాయి కారు ఆగేసరికి పెద్దయ్య చేతిలో ఉన్నవి మూడు: మనుమరాలి బట్టల సంచి, గొర్రెల సంతలో సంపాదించుకున్న మంచిపేరు, ఒక అబద్ధం. సంచి కోడలు సర్దింది. మంచిపేరుకు సగం వయసు ఖర్చయింది. అబద్ధం మాత్రం ముందు రోజు అన్నం తింటుండగా ఉత్తినే తట్టింది. మూడింటిలోనూ ఆ పూటకు పనికొచ్చే సరుకు అదేనని అతని లెక్క.

రంగికి ఆరేళ్లు. పెద్దయ్య తన తల్లి పేరు పెట్టుకున్న పిల్ల. తరచూ గొంతు వాచి, జ్వరం కాసి, మంచినీళ్లు మింగడానికి కూడా ఏడ్చేది. టాన్సిల్స్ తీసెయ్యాలని మిర్యాలగూడ డాక్టరు తేల్చి చెప్పాడు. ఆపరేషన్ చిన్నదే, చిక్కంతా రంగితోనే. పోయినసారి జ్వరానికి సూది వేయించినప్పుడు పెద్దవాళ్లంతా కలిసి కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు. అప్పటినుంచి తెల్లచొక్కా కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది. పాలు పోసే రామనర్సయ్య పెళ్లికి పోతూ తెల్లచొక్కా తొడుక్కుని వస్తే, వీధంతా వినపడేలా కేకలు పెట్టింది. తాను చేసిన నేరమేమిటో అతనికి ఇప్పటికీ తెలియదు.

"యాడికి పోతున్నం తాతా?" చెప్పులు తొడుక్కుంటూ అడిగింది రంగి.

"మిర్యాలగూడకు బిడ్డా. మంచి గొర్రెపిల్లలు దిగినయట. నీకొకటి ఏరుకుందువు గని."

వంటింటి గుమ్మంలో కోడలు నాగరాణి అతన్ని ఆపింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. పిల్లల సంగతి కొంచెం తెలుసు.

"మామా, చెప్పి తీస్కపోదాం. గాడికి పోయినంకనైనా తెలుస్తది కదా."

"చెప్తే కారెక్కుతదా? గేటు కాడనే బేరం పోతది. ముందు గాడికి చేరనియ్. తర్వాత సంగతి తర్వాత."

నాగరాణికి నచ్చలేదు. కానీ కారు డ్రైవరు హారన్ కొడుతున్నాడు, రంగి అప్పటికే కిటికీ పక్క సీటు పట్టేసింది.

ఊరు దాటగానే రంగికి ఆకలైంది. ఆపరేషన్ పూర్తయ్యేదాకా పిల్ల ఏమీ తినకూడదని డాక్టరు మామాకోడళ్లిద్దరికీ గట్టిగా చెప్పాడు. ఆ మాట కారులో ఎట్లా అంటారు? "కార్ల తింటే కక్కుతవు, ఊకో," అంది నాగరాణి. పెద్దయ్య కిటికీలోంచి చూపిస్తూ మేకల కథలు మొదలుపెట్టాడు. పెన్‌పహాడ్ దగ్గర డ్రైవరు టీకి ఆపాడు. నాగరాణి దిగి భర్త ఉపేందర్‌కు ఫోన్ చేసింది. అతను కోదాడ సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాడు, డ్యూటీ దిగి నేరుగా మిర్యాలగూడకు వస్తానన్నాడు. పెద్దయ్య డ్రైవరుతో కబుర్లలో పడ్డాడు. కారులో రంగి, నాయనమ్మ పెంటమ్మ మాత్రమే మిగిలారు.

రైసు మిల్లుల గొట్టాలు కనపడేసరికి రంగి చప్పట్లు కొట్టింది. దవాఖాన మెట్ల దగ్గర చప్పట్లు ఆగాయి. పిల్లల వార్డులో అడుగుపెట్టి, స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే తాత వైపు తిరిగింది.

"గొర్రెపిల్లలేవి తాతా?"

పెద్దయ్య తర్వాత సంగతి తర్వాత అనుకున్నాడే గాని, ఆ తర్వాత ఇంత తొందరగా వస్తుందనుకోలేదు. అతను చెయ్యి పట్టుకునేలోపు రంగి మంచం కిందికి దూరి, ఇనుప కాలును రెండు చేతులా కరుచుకుంది.

నర్సు కృప వచ్చి చూసింది. కోదాడ అమ్మాయి, నవ్వుముఖం. మంచం పక్కన గొంతుక్కూర్చుంది.

"బంగారం, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"ఏం తినలేదు సిస్టర్," అన్నాడు పెద్దయ్య. "నీళ్లు కూడ తాగలే," అంది నాగరాణి.

మంచం కింద నుంచి చిన్న గొంతు వినపడింది. "తిన్న. నాయనమ్మ మలీద పెట్టింది. అమ్మకు చెప్పొద్దన్నది."

అందరూ పెంటమ్మ వైపు చూశారు. పెంటమ్మ చేతిలోని స్టీలు డబ్బా వైపు చూసింది. సజ్జరొట్టె, బెల్లం కలిపి మెదిపిన ముద్దలు. అందులో ఒక మూల ఖాళీగా ఉంది.

కృప లోపలికి వెళ్లి మత్తు డాక్టరమ్మతో మాట్లాడి వచ్చింది. "ఇవాళ కుదరదండి. రేపు పొద్దున్నే మొదట మనదే. చెప్పేసింది కాబట్టి సరిపోయింది. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే, అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటది."

ఆ మాటతో నాగరాణికి కోపమొచ్చింది.

"అత్తమ్మా, ఒక్క పూట ఆగలేకపోయినవా? నా బిడ్డ పాణం మీదికి తెస్తివి కదా!"

"నువ్వేగదనే కార్ల కక్కుతదని తినొద్దన్నవ్?" అంది పెంటమ్మ. "కక్కితే కడుగుదాం, పిల్ల ఆకలికి మాడుడెందుకు అనుకున్న. మత్తు సంగతి నాకెవలు చెప్పిన్రు?"

"మామ చెప్పలేదా?"

చెప్పలేదని పెద్దయ్య ఒప్పుకున్నాడు. "నీ అత్త నోట్ల మాట ఆగదు కదా బిడ్డా. పిల్లకు చెప్పేస్తదని..."

అప్పుడే లోపలికొచ్చిన ఉపేందర్ విషయం గ్రహించి, "సరే తియ్, రేపు చేస్తమన్నరు కదా, లొల్లెందుకు," అన్నాడు.

"నువ్వు జర ఊకో," అని నాగరాణి మామ ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది పెద్దయ్యకు. "మామా, సంతల పొట్టేలు కుంటుతుంటే కొనేటోడు అడగకముందే చెప్తవని పేరు నీకు. ఆత్మకూరు నుంచి పాలకీడు దాక గదే చెప్పుకుంటరు. బయటోనికి చెప్తవు, గొర్రె సంగతి చెప్తవు. మనింటి పిల్లకు దాని సంగతే చెప్పనీకి నీకు నోరెందుకు రాలే?"

బేరంలో ఎదుటివాడి మాట న్యాయమైనప్పుడు పెద్దయ్య బెట్టు చెయ్యడు. లెక్క మాత్రం చూసుకున్నాడు. రంగిని మోసగించడానికి ఒక అబద్ధం, దాన్ని కాపాడటానికి కారులో ఇంకొకటి, రెండూ బయటపడకుండా పెంటమ్మ దగ్గర దాపరికం. పిల్లకని అల్లిన వలలో ఇంటి పెద్దదే పడింది. ఇంకో అడుగు పడితే ఏమయ్యేదో తలచుకోవడానికి ధైర్యం చాలలేదు. రేపటికైనా ఆ పిల్ల తన కాళ్లతో నడిచి లోపలికి వెళ్లకపోతే, మళ్లీ అందరూ కలిసి అదమాల్సిందే.

అతను మోకాళ్లు పట్టుకుని మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"రంగీ, గొర్రెపిల్లల సంగతి అబద్ధం. నేనే అల్లిన. దవాఖాన అంటే నువ్వు రావని భయపడ్డ."

మంచం కింద నుంచి ప్రశ్న వచ్చింది. "సూది ఉంటదా?"

లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఉంటది."

"నొస్తదా?"

"నొస్తది."

"ఎంత?"

పెద్దయ్య ఇరుక్కున్నాడు. చూడని సరుకుకు ధర చెప్పడం అతనికి చేతకాదు. అలవాటుగా చెయ్యి భుజం మీది తువ్వాలు మీదికి పోయింది. దాన్ని తీసి మంచం అంచు నుంచి నేల మీదికి పరదాలా వేలాడదీశాడు.

"నా భుజాలెక్కి సంతకొస్తవు కదా. తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కుకుంటం, సూసినవా? గట్లనే బేరం. పక్కోనికి వినపడది. ఎవలూ నవ్వరు. ఇద్దరి నడుమనే మాట."

"తువ్వాల కింద అబద్ధమాడితే?"

"ఇగ గా మనిషి ఖతం. మళ్ల సంతల ఎవ్వలూ చెయ్యియ్యరు."

రంగి ఆలోచించింది. "ఒక్క వేలంటే చీమ కుట్టినట్టు. అయిదంటే తేలు."

"రేటు నువ్వే కట్టినవ్. మంచిగుంది. కని నాకు సూది సంగతి సక్కగ తెల్వదు. తెలిసినామెను పిలుస్త." అతను వెనక్కి తిరిగాడు. "కృపమ్మా, జర వస్తవా?"

కృప నవ్వుతూ కూర్చుని తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. చిన్న చెయ్యి ఆమె వేళ్లను తడుముకుంది.

"మూడా?" రంగి గొంతులో దిగులు. "రెండు చెయ్యి."

"మూడే తల్లీ, మాట తిప్పను. కాకపోతే ఒక క్రీముంది. ముందే రాసి ఉంచితే తోలు మొద్దుబారుద్ది. అప్పుడు రెండు. నువ్వు కదలకుండా ఉంటేనే."

"ఏ చెయ్యికి?"

"నువ్వు చూపించిన చేతికి."

"అమ్మ నా తాననే ఉండాలె."

"అది నా చేతిలో లేదు. అడిగొస్తా." కృప వెళ్లి డాక్టరమ్మను అడిగి వచ్చింది. "నీకు నిద్ర పట్టేదాకా అమ్మ పక్కనే ఉండొచ్చన్నారు. గొంతులో పనంతా నువ్వు నిద్రపోయినాకే. లేచినాక మాత్రం గొంతు మండుద్ది. అదీ ముందే చెప్తున్నా."

తర్వాత చివరి షరతు వచ్చింది. "ముందుగాల తాతకు పొడువు."

నాగరాణికి ఆ కోపంలోనూ నవ్వాగలేదు. "పొడువు సిస్టర్! షుగర్ సూపించుకోమంటే ఏండ్లకేండ్లు తప్పించుక తిరుగుతున్నడు."

పొగరుబోతు పొట్టేళ్లను కొమ్ములు పట్టి లొంగదీసే పెద్దయ్యకు సూదంటే చచ్చేంత భయం. తప్పించుకునే దారి కనపడలేదు. కళ్లు మూసుకుని వేలు చాచాడు. కృప చటుక్కున పొడిచింది. "ఓరి నాయనో!" అన్న కేకకు వార్డంతా ఇటు తిరిగింది. పక్క మంచం మీది పిల్లలు పకపకా నవ్వారు. ఆ వేడుక చూడటానికి రంగి మంచం కింద నుంచి పూర్తిగా బయటికొచ్చేసింది.

"ఎంత తాతా?" అంటూ తువ్వాలు కింద చెయ్యి పెట్టింది.

ఒకటి అని చెప్పి మగతనం నిలుపుకోవచ్చు. పెద్దయ్య రెండు వేళ్లు నొక్కాడు.

"రెండేనా? గంత లొల్లి పెడ్తివి!"

"లొల్లి వేరే, నొప్పి వేరే బిడ్డా."

సాయంత్రం నాగరాణి అత్త పక్కన కూర్చుని మెల్లగా అంది, "ఊకెనే మీద పడ్డ అత్తమ్మా."

"నా మనుమరాలి కోసమే అన్నవ్, పరాయిదాని కోసం అన్నవా? కని ఒక్కటి. రేపటి ముచ్చట మొత్తం నాకు ఇప్పుడే చెప్పు, పిల్లకు చెప్పినట్టు చెప్పు."

నాగరాణి చెప్పింది. రంగి పక్కనుంచి మరచిపోయినవి అందించింది. ఆ తెల్లవారి పెంటమ్మ వార్డు గుమ్మంలో పీట వేసుకున్నట్టు కూర్చుంది. సొంత కొడుకు టీ, బిస్కెట్లు పట్టుకుని వస్తే, "గడప దాటితివో, కాళ్లిరగ్గొడ్త. బయటనే తిని మూతి తుడుసుకొని రా," అని తరిమింది. రంగి నవ్వీ నవ్వీ ఆకలి మరచిపోయింది.

క్రీము రాసిన ఎడమ చేతికి సూది పెట్టేటప్పుడు రంగి కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది గాని చెయ్యి లాక్కోలేదు. సూది దిగాక కుడిచేత్తో తువ్వాలు కింద కృప వేళ్లు రెండు నొక్కి, "నువ్వు చెప్పిందే," అంది. కృప ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత రంగి, ఆకుపచ్చ గౌను తొడుక్కున్న అమ్మ చెయ్యి పట్టుకుని, తన కాళ్లతోనే లోపలికి నడిచింది. ఎవ్వరూ అదమలేదు.

నాగరాణి బయటికొచ్చి, "సంత కథ చెప్పుకుంటనే నిద్రపోయింది మామా," అని ఏడుస్తూ నవ్వింది. తలుపు మళ్లీ తెరుచుకునేదాకా పెద్దయ్య అక్కడక్కడే తిరిగాడు. ఏ సంతలోనూ అతనికి కాలం అంత బరువుగా నడవలేదు.

రంగి లేచింది. గొంతు పెగల్లేదు. ఏడవబోతే మంట. దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి చాచింది. పెద్దయ్య తువ్వాలు కప్పాడు. నాలుగు వేళ్లు.

"కృపమ్మా, నాలుగంటున్నది. అబద్ధం కాదు."

కృప డాక్టరును అడిగి మందు ఇచ్చింది. కొంతసేపటికి అది రెండయింది, ఐస్‌క్రీము తిన్నాక ఒకటిన్నర అయింది. అర వేలు ఎట్లా చూపించాలో తెలియక వేలు మడిచి చూపించింది. పక్క మంచం తల్లి వచ్చి, "పెద్దాయనా, నీ తువ్వాల ఒకసారి ఇస్తవా? మావోడు ఏడుసుడే తప్ప ఏం చెప్తలేడు," అంది. తువ్వాలు మంచం మంచానికీ తిరిగింది. ఇంటికి బయలుదేరే రోజున కృప దాన్ని తిరిగివ్వలేదు. "ఇది వార్డుకు ఉంచెయ్యండి," అంది. పెద్దయ్య వట్టి భుజం దులుపుకుని కారెక్కాడు.

తిరుగు దారిలో రంగి బొంగురు గొంతుతో అడిగింది. "మళ్ల రావాల్నా తాతా?"

"వచ్చే వారం సూపియ్యాలె."

"సూది ఉంటదా?"

ముందు సీట్లో నాగరాణి వెనక్కి తిరిగింది. పెంటమ్మ చీర కొంగు నలుపుకుంది.

"తెల్వదు బిడ్డా," అన్నాడు పెద్దయ్య. "కృపమ్మను అడిగి చెప్త."

రంగి అతని ముఖంలోకి చూసింది. తలాడించి, భుజానికి ఆనుకుని, నిమిషంలో నిద్రపోయింది.

పెద్దయ్య కదలకుండా కూర్చుని లెక్క తేల్చుకున్నాడు. పోయినవి: ఒక రోజు, ఒక బొట్టు నెత్తురు, కోడలి ముందు కొంచెం పెద్దరికం, ఒక తువ్వాలు. వచ్చింది: ఈ నిద్ర. సంతలో అతను మంచి సరుకంటే నమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. తెలియదంటే కూడా నమ్మే మనిషి అతనికి దొరకడం ఇదే మొదలు.